నూకాలమ్మ నొక్కిన మీట

రేవు పడవల నమోదు కార్యాలయానికి మే నెల మొదటి వారంలో ఒక ఉత్తర్వు వచ్చింది. అందులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం. కాకపోతే ఆ వాక్యం పేజీన్నర పొడవుంది. రాజధానిలోని అనువాద విభాగం దాన్ని శ్రద్ధగా తెలుగు చేసి పంపింది. "అన్ని కార్యాలయములందలి గణకయంత్రముల వ్యవస్థా చోదకమును కొవ్వు-32 పద్ధతి నుండి నూతన దస్త్ర పద్ధతికి, ఎట్టి సమాచార నష్టమును వాటిల్లకుండ, అత్యంత సురక్షితముగా మార్చవలెననియు..." అంటూ అది సాగింది.

సూపరింటెండెంటు గుడిమెట్ల భీమలింగం ఆ ఉత్తర్వును మూడుసార్లు చదివాడు. చోదకమంటే జీపు డ్రైవరే అయి ఉంటాడనీ, కొవ్వు గురించి ప్రభుత్వానికి ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాసి ఉంటారనీ తేల్చాడు. ఆ కబురు జీపు దాకా వెళ్లింది. డ్రైవరు అప్పలకొండ రెండు రోజులు పునుగులు మానేశాడు. మూడో రోజున ఆ కాగితం తిరిగి తిరిగి కంప్యూటర్ ఆపరేటర్ కృపామణి బల్ల మీదకు వచ్చింది.

"ఇది అప్పలకొండ గురించి కాదండీ. మన కంప్యూటర్లో సి డ్రైవ్ గురించి. ఫ్యాట్-32 అన్న పాత పద్ధతి పేరును కొవ్వు చేసేశారు," అంది కృపామణి.

భీమలింగం ఊపిరి పీల్చుకున్నాడు. అప్పలకొండ బజారుకు పరిగెత్తాడు.

కృపామణి ఆ కార్యాలయంలో పదకొండేళ్లుగా పనిచేస్తోంది. పనిచేస్తోందే గానీ ఆ కార్యాలయం ఉద్యోగి కాదు. ఔట్‌సోర్సింగ్. ఏటా జూన్ నెలాఖరులో ఆమె కాంట్రాక్టు ముగుస్తుంది, జూలై ఒకటిన మళ్లీ మొదలవుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న ఒక్క రాత్రి ఆమె ఏటా నిద్రపోదు. ఆ ఊరి రేవులో ఉన్న ఎనిమిది వందల నలభై పడవల వివరాలూ, వాటి యజమానుల పేర్లూ, ఫొటోలూ ఆ కంప్యూటర్లోకి ఎక్కించింది ఆమే.

ఉత్తర్వు చూసి ఆమె సంతోషించింది కూడా. ఎందుకంటే ఆ పాత పద్ధతితో బాధ పడుతున్నది ఆమే. డిస్కును ఏళ్ల క్రితం ఏర్పాటు చేసిన పాత పద్ధతిలో ఏ ఫైలూ నాలుగు జీబీలు దాటకూడదు. ఫొటోలతో, పత్రాలతో పడవల రిజిస్టరు బలిసి బలిసి సరిగ్గా ఆ అంచుకు చేరింది. సగం డిస్కు ఖాళీగా ఉన్నా, కొత్త వివరం ఒక్కటి ఎక్కించబోతే "చోటు లేదు" అంటోంది. ఈ ఏటి లైసెన్సుల్ని రెన్యువల్ చేయాలంటే ఆ రిజిస్టరు పెరగాలి. రెన్యువల్ కాకపోతే జూన్ పద్నాలుగున వేట నిషేధం ముగిసినా పడవలు సముద్రంలోకి వెళ్లడానికి లేదు. రెండు నెలల నిషేధానికి పొయ్యి మీద కుండ బరువు తగ్గించుకుని కూర్చున్న ఇళ్లు అన్నీ పదిహేనో తారీఖు తెల్లవారుజాము కోసం చూస్తున్నాయి.

"ఎంత పనమ్మా ఇది?" అడిగాడు భీమలింగం.

"పెద్ద పనేం కాదండీ. ముందు అంతటికీ ఒక నకలు తీసి పక్కన పెట్టుకుంటాను. డిస్కులో లోపాలేమైనా ఉన్నాయేమో తనిఖీ చేస్తాను. ఒక్క లైను కమాండ్ కొడతాను. రీస్టార్ట్ చేస్తాను. మధ్యలో కరెంటు పోకుండా చూసుకుంటే చాలు. పూటలో అయిపోతుంది."

ఈ మాట భీమలింగం వెంటనే డిప్యూటీ రిజిస్ట్రార్ చిలుకూరి అనంతాచార్యుల గారి చెవిన వేశాడు. ఆచార్యులు గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని కృపామణిని పిలిపించారు.

"అమ్మా, 'సురక్షితముగా' అను పదమునకు ముందు 'అత్యంత' అను విశేషణము తగిలించినారు. గమనించితిరా?"

"గమనించలేదండి."

"అదే నా ఆవేదన. ఉత్త సురక్షితమే అయినచో నా స్థాయిలోనే జరిపించి ఉందును. అత్యంత సురక్షితమునకు కమిటీ కావలెను."

మర్నాటికల్లా కమిటీ ఏర్పడింది. ఆచార్యులు గారు అధ్యక్షులు, భీమలింగం సభ్య కార్యదర్శి. కృపామణి ప్రత్యేక ఆహ్వానితురాలు. ఆహ్వానితులకు కుర్చీ వేయాలని ఉత్తర్వులో లేదు కాబట్టి ఆమె నిలబడింది.

మొదటి సమావేశం నకలు గురించి జరిగింది. కృపామణి అప్పటికే సి డ్రైవ్ మొత్తాన్నీ ఒక చిన్న బయటి డిస్కులోకి ఎక్కించి పెట్టింది. ఆచార్యులు గారు దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఇది నకలు కదా?"

"అవునండి."

"నకలు అనగానే, 'అసలుతో సరిపోల్చి చూడగా సరిగా ఉన్నది' అని గెజిటెడ్ అధికారి సంతకము చేయవలెను. లేనిచో అది నకలు కాదు, కేవలము పోలిక."

ఆయన ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు. నున్నటి ప్లాస్టిక్ మీద సిరా నిలవలేదు. రెండోసారి చేశారు, చొక్కా కఫ్‌కు అంటుకుంది. అప్పుడు భీమలింగం తన ప్రజ్ఞ చూపించే అవకాశం వచ్చిందని లేచాడు. ఎన్నికల పెట్టెలకు లక్క ముద్రలు వేయడంలో ఆ జిల్లాలో అతన్ని మించినవాడు లేడు. కొవ్వొత్తి వెలిగించి, లక్క కరిగించి, డిస్కుకు వైరు దూర్చే రంధ్రం నిండా పోసి, ఇత్తడి ముద్ర ఒత్తాడు.

"సమాచారం వచ్చినా పోయినా ఈ కన్నంలోంచేగా! ఇక చీమ కూడా దూరదు," అన్నాడు.

కృపామణి నోరు పెగుల్చుకుని, "మరి రేపేదైనా జరిగితే ఇందులోంచి తీసుకోవడం ఎలాగండీ?" అని అడిగింది.

"తీసుకోకూడదనే కదమ్మా ముద్ర వేసింది!"

ఆ డిస్కు ఇనుప బీరువాలోకి వెళ్లింది. కృపామణి వారం రోజులు బతిమాలి, నకలు భద్రతకు ఇంకో నకలు అవసరమని ఆచార్యుల గారి భాషలోనే ఒక నోటు రాసి, రెండో డిస్కు సంపాదించింది. ఈసారి ముద్ర వేసేవేళకు ఆమె దాన్ని తన స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించి తెచ్చింది. భీమలింగం డబ్బా చుట్టూ ఆనందంగా లక్క పోశాడు. లోపల డిస్కు క్షేమంగా ఉంది. కృపామణి మాత్రం నెల రోజులు ప్లాస్టిక్ డబ్బాలో అన్నం తెచ్చుకుంది.

మే ఇరవై ఎనిమిదిన, కమిటీ సమక్షంలో, కమాండ్ కొట్టే ముహూర్తం కుదిరింది. ఆచార్యులు గారు కండువా వేసుకుని వచ్చారు. కృపామణి ఆ ఒక్క లైనూ కొట్టింది. కంప్యూటర్ మొదట డ్రైవ్ పేరేమిటని అడిగింది. పాత రోజుల్లో ఎవరో ఆపరేటర్ దానికి 'బంగారం' అని పేరు పెట్టి వెళ్లిపోయాడు. ఆమె ఆ పేరు కొట్టింది. పేరు పెట్టిన ఉత్తర్వు దొరకలేదు గనక భీమలింగం మినిట్స్ పుస్తకంలో 'సి డ్రైవు ఉరఫ్ బంగారం' అని రాసుకున్నాడు.

తర్వాత తెర మీద ఇంకో ప్రశ్న వచ్చింది. ఈ డ్రైవ్ ప్రస్తుతం వాడుకలో ఉంది, ఈసారి యంత్రం మళ్లీ మొదలైనప్పుడు మార్పు జరిపించమంటారా? అవునంటే వై నొక్కండి, కాదంటే ఎన్ నొక్కండి.

కృపామణి వేలు వై మీదకు వెళ్లింది.

"ఆగుడు!" అన్నారు ఆచార్యులు గారు.

వేలు గాలిలో ఆగింది.

"మార్పు జరిగిన పిమ్మట వెనుకకు మార్చుటకు వీలున్నదా?"

"ఊరికే వెనక్కి రాదండి. అంతా చెరిపేసి మళ్లీ మొదట్నించీ చేసుకోవాలి. కానీ వెనక్కి రావాల్సిన అవసరమేమీ..."

"వెనుకకు రాని నిర్ణయము! దానిని వై అను ఒక్క అక్షరముతో తీసుకొందుమా? ఎవరు తీసుకొందురు? మీరా? మీరు ఉద్యోగి కాదు. భీమలింగమా? ఆయనకు అధికారము లేదు. నేనా? నాకు అధికారము కలదని ఎక్కడను వ్రాసి లేదు. యంత్రము మనలను లిఖితపూర్వకముగా ప్రశ్నించినది. మనము తొందరపడి వేలితో జవాబు చెప్పరాదు."

"అయితే ప్రస్తుతానికి మూసేయమంటారా అండీ?"

"మూసివేయుట తిరస్కరించుటతో సమానము. ప్రశ్నను ప్రశ్నగానే ఉంచుడు."

ప్రశ్న తెర మీద ఓ మూల అలాగే ఉండిపోయింది. వై నొక్కుటకు అనుమతి కోరుతూ ప్రధాన కార్యాలయానికి లేఖ వెళ్లింది. పన్నెండు రోజులకు తిరుగు టపా వచ్చింది. వై నొక్కినచో కలుగు పరిణామములు, ఎన్ నొక్కినచో కలుగు పరిణామములు, ఏదియు నొక్కనిచో కలుగు పరిణామములు మూడు గడుల పట్టికగా, ఏడు ప్రతులలో పంపమన్నారు.

ఈలోగా ఆచార్యులు గారికి మరో భయం పట్టుకుంది. ప్రశ్న తెరిచే ఉంది, మీట బయటే ఉంది. ఎవరైనా పొరపాటున నొక్కితే? ఊడ్చేవాళ్ల చీపురు తగిలితే? ఆయన ఆదేశం మీద భీమలింగం స్క్రూడ్రైవరుతో వై మీట పెకలించి, కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి బీరువాలో భద్రపరిచాడు. మీట పోయిన చోట చిన్న రబ్బరు బొడిపె మిగిలింది. దాని మీద చదరపు కాగితం ముక్క అంటించి, కార్యాలయ ముద్ర కొట్టి, పక్కన తాఖీదు తగిలించాడు. అనుమతి లేనిదే సిబ్బందిలో ఎవరు వై మీటను నొక్కినను క్రమశిక్షణా చర్యకు పాత్రులగుదురు.

కృపామణికి ఆ కాగితం కింద బొడిపె పనిచేస్తుందని తెలుసు. రోజుకు పదిసార్లు చూపు అటే పోయేది. ఒక్క నొక్కు చాలు. ఆ వెంటనే జూన్ నెలాఖరు గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకునేది.

అయితే అదే కంప్యూటర్లో ఆమె లైసెన్సు దరఖాస్తులకు రసీదులు కూడా కొట్టాలి. పేర్లన్నీ ఇంగ్లీషులో. వై లేదు. పోలయ్య పోలా అయ్యాడు. ఎర్రయ్య ఎర్రా అయ్యాడు. నూకయ్యలు నలభై మంది ఒక్క పూటలో నూకాలైపోయారు. పెన్నుతో దిద్ది ఇద్దామంటే, ముద్రిత పత్రముపై చేతివ్రాత చెల్లదని భీమలింగం ఒప్పుకోలేదు.

జూన్ పద్నాలుగు ఉదయం తొమ్మిదింటికల్లా కార్యాలయం వరండా నిండిపోయింది. లైసెన్సు ఒక్కటీ రాలేదు. చేతుల్లో ఉన్న రసీదుల మీద పేర్లు తమవి కావు. అందరికంటే ముందు సూరాడ నూకాలమ్మ లోపలికి వచ్చింది. చేపల అమ్మకందార్ల సంఘానికి పెద్ద. గంప ఎత్తి ఎత్తి నడినెత్తి మీద జుట్టు పలచబడిన మనిషి. మొగుడి రసీదు కృపామణి బల్ల మీద పరిచింది.

"ఏటమ్మా కిరపమ్మా, మావోడి పేరు పోలా అట. ఎవుళు పోలా? ఈడి పేరు సివర అయ్య యేటైపోయాడు? మా పేటలో అయ్య నేని కొడుకు ఒక్కుడూ నేడు తల్లీ."

కృపామణి నవ్వాపుకోలేకపోయింది. ఆ వెంటనే ఏడుపు కూడా వచ్చింది. నూకాలమ్మను దగ్గర కూర్చోబెట్టుకుని ఉత్తర్వు, కమిటీ, ప్రశ్న, మీట అన్నీ చెప్పింది.

నూకాలమ్మ కాగితం అంటించిన చోటును వంగి చూసింది.

"ఇది నొక్కితే పడవలెల్తాయా?"

"వెళ్తాయి పిన్నీ."

"నొక్కకపోతే?"

"వెళ్లవు."

"నొక్కితే నీకేటవుద్ది?"

కృపామణి తాఖీదు వైపు చూసింది. నూకాలమ్మకు చదువు రాదు గానీ ఆ చూపు చదవడం వచ్చు. చీర కొంగు బిగించి నేరుగా ఆచార్యుల గారి గదిలోకి వెళ్లింది. వెనకాలే కృపామణి, ఆమె వెనక భీమలింగం.

"దణ్ణాలు బాబూ. ఆ మీట నాను నొక్కుతాను."

ఆచార్యులు గారు కుర్చీలోంచి సగం లేచారు. "మీరెవరు? మీ హోదా ఏమి?"

"నాకు ఓదా నేదు బాబూ. అందుకే వచ్చినాను. ఈ బాబు నొక్కితే ఉద్దోగం పోద్ది. ఈ పిల్ల నొక్కినా పోద్ది. తవురు నొక్కినా తవరి మీదికొస్తాది. నాకు పోడానికి ఉద్దోగమే నేదు. నన్నేటి సస్పెండు సేత్తారు?"

ఆచార్యులు గారు తాఖీదు తెప్పించుకుని వేలు పెట్టి చదివారు. 'సిబ్బందిలో ఎవరు' అన్న చోట ఆగారు. ముప్పై మూడేళ్ల సర్వీసులో ఒక కాగితం ఆయనకు ఇంత అందంగా కనిపించడం అదే మొదటిసారి.

"భీమలింగం గారూ, ఈమె సిబ్బంది కాదు."

"కాదండి."

"కావున తాఖీదు ఈమెకు వర్తించదు."

"వర్తించదండి. పైపెచ్చు, తాఖీదులో ఉన్నది మీట. మీట బీరువాలో ఉంది. ఈమె నొక్కబోయేది బొడిపెండి. బొడిపె గురించి మనం ఏమీ రాయలేదు."

"సమావేశము మొదలైనట్లు వ్రాసికొనుడు. నూకాలమ్మ గారికి కుర్చీ వేయుడు."

కృపామణి ఈలోగా తన పని తాను చేసింది. టిఫిన్ డబ్బా ముద్ర పగలగొట్టించి, రెండో డిస్కులో ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకుంది. ఈ వారాల్లో కొట్టిన రసీదులు కూడా అందులోకి ఎక్కించింది. డిస్కును ఇంకోసారి తనిఖీ చేసింది. తెర మీద మిగతా కిటికీలన్నీ మూసింది. బ్యాటరీ నిండుగా ఉందని నిర్ధారించుకుని, "ఇక నొక్కు పిన్నీ. కాగితం చింపకు, పైనుంచే," అంది.

నలభై ఏళ్లు చేపలు ఏరిన వేలు కాగితం మీద ఆనింది. ఒక్క నొక్కు. కాగితం చిరగలేదు, ముద్ర చెదరలేదు. తెర మీద మాత్రం వై అన్న అక్షరం పడింది. కృపామణి ఎంటర్ కొట్టింది. ఎంటర్ గురించి కూడా ఎక్కడా ఏమీ రాసి లేదు.

యంత్రం మళ్లీ మొదలైంది. నల్లటి తెర మీద తెల్లటి అంకెలు పాకసాగాయి. ఒక శాతం. రెండు శాతం. కిటికీ ఊచల అవతల తలలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. పదకొండు శాతం దగ్గర అంకె ఆగిపోయింది.

ఆచార్యులు గారు కృపామణి పక్కకు వచ్చి నిలబడ్డారు. గొంతు తగ్గించారు. ఆ గొంతులో గ్రాంథికం కూడా తగ్గింది.

"నేను గుమాస్తాగా చేరిన ఏడాది తుపాను వచ్చిందమ్మా. నా టేబులు మీద ఉన్న రిజిస్టరు ఒకటి తడిసిపోయింది. ఒక్కటే. ఆరేళ్లు సంజాయిషీలు రాశాను. నాతో చేరినవాళ్లంతా ప్రమోషన్ల మీద పైకెళ్లిపోయారు. అప్పట్నుంచీ ఏ కాగితం ముట్టుకున్నా చేతికి తడి తగిలినట్టే ఉంటుంది."

"ఇది తడవదండీ," అంది కృపామణి మెల్లగా.

అంకె పన్నెండైంది. ఆపైన ముప్పై, యాభై. పదిహేడు నిమిషాలకు నూరు చేరి, తెర ఆరి, మళ్లీ వెలిగింది. కృపామణి మొదట రిజిస్టరు తెరిచింది. ఎనిమిది వందల నలభై పడవలు. లెక్క సరిపోయింది. కొత్త వివరం ఒకటి ఎక్కించింది. "చోటు లేదు" అనలేదు.

"ఉన్నాయి పిన్నీ, అన్నీ ఉన్నాయి!"

వరండాలో కేక లేచింది. ఎవరో ఈల వేశారు. భీమలింగం కమిటీ గౌరవం మరిచి చప్పట్లు కొట్టాడు. ఆ మధ్యాహ్నం కృపామణి అన్నం తినలేదు. ప్రింటర్ ఊపిరాడకుండా తిరిగింది. ముద్ర కొట్టిన కాగితం మీద ఆమె వేలు ఒక్కో పేరులోని వైల కోసం రెండుసార్లు దిగుతుంటే ఎవరూ చూడలేదు. చూసినవాళ్లు చెప్పలేదు. పొద్దువాలే సరికి పోలయ్యలూ ఎర్రయ్యలూ నూకయ్యలూ తమ అయ్యల్ని తాము పట్టుకుని ఇళ్లకు పోయారు. పదిహేనో తారీఖు తెల్లవారగానే పడవలు కదిలాయి.

ప్రధాన కార్యాలయానికి నివేదిక ఆచార్యులు గారే స్వయంగా రాశారు. "మీట నొక్కబడినది. మార్పు జరుపబడినది. సమాచారము భద్రముగా నుండుట చూడబడినది. యావత్తు ప్రజా భాగస్వామ్యముతో నిర్వహింపబడినది." ఎవరు చేశారో ఎక్కడా లేదు. పని మాత్రం అంతా అయిపోయి ఉంది.

ఆ 'ప్రజా భాగస్వామ్యము' అన్న మాట రాజధానిలో అందరికీ తెగ నచ్చింది. జూలై రెండో వారంలో కొత్త ఉత్తర్వు దిగింది. రాష్ట్రంలోని అన్ని కార్యాలయాల్లోనూ వ్యవస్థా చోదకమును మార్చునపుడు వై మీటను విధిగా ఒక మత్స్యకార మహిళచేతనే నొక్కించవలెను. సముద్రము లేని జిల్లాలు పొరుగు జిల్లాలనుండి తెప్పించుకొనవలెను. మూడు రోజుల్లో నూకాలమ్మ పేరు మీదే ఒక రిజిస్టర్డ్ కవరు వచ్చింది. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని, గంప నెత్తిన పెట్టుకుని కార్యాలయానికి వచ్చింది.

"సదువు తల్లీ. ఎవుళు నాకు కాయితం రాసింది?"

కృపామణి చదివింది. "నిన్ను 'మీట నొక్కు ప్రజా ప్రతినిధి'గా నియమించారు పిన్నీ. పర్మినెంటు. తొమ్మిది జిల్లాలు తిరగాలి. ఎల్లుండి మొదటి ఊరు. ఇక్కడికి నాలుగు వందల మైళ్లు. నడి మెట్ట."

"అక్కడ సేపలున్నాయా?"

"లేవు."

"మరి ఆ ఊళ్లో నాకేటి పని? ఏలుతో ఓపాలి నొక్కడానికి అంత దూరవా?" నూకాలమ్మ గంప దించి గోడకు ఆనుకుంది. కాగితం వైపు చూస్తూ అడిగింది. "ఇందులో నీ పేరు యే కాడుంది?"

కృపామణి కాగితం చివరిదాకా చూసినట్టు నటించింది. ఆమె కాంట్రాక్టు ఈసారి కూడా ఒక్క ఏడాదికే పొడిగించారు. "నా పేరు ఉండదు పిన్నీ. ఇది నీ ఆర్డరు."

"పని సేసినదానివి నువ్వు. నాను ఒక్క నొక్కు నొక్కినాను."

నూకాలమ్మ చెయ్యి చాపి ఉత్తర్వు తీసుకుంది. అశోక చక్రం ముద్ర ఉన్న ఆ మందపాటి కాగితాన్ని వేళ్ల మధ్య రుద్ది చూసింది. నూనె పీల్చదు, తడికి చిరగదు. గంపలోంచి రెండు పిడికిళ్ల ఎండు నెత్తళ్లు తీసి అందులో పోసింది. నాలుగు వైపులా మడిచి, గట్టిగా పొట్లం కట్టి, కృపామణి చేతిలో పెట్టింది.

"ఏపుకు తిను. ఉప్పు తక్కువెయ్యి, ఇందులోనే ఉన్నాది," అంది.